పట్టుకొన్న మోకాలు, అరిగిన మోకాలు

మన సంఘ పత్రికలో విత్తనముల నాణ్యమును గూర్చియు, ఎరువుల మోతాదును గూర్చియు, బాకీల వసూళ్లను గూర్చియు వ్రాయుట పరిపాటి. ఈ నెల నేను మోకాలిని గూర్చి వ్రాయబూనితిని. వ్యవసాయ ప్రదర్శకునకు వైద్యముతో పనియేమని కొందఱు నవ్వవచ్చును. నవ్వుడు, కాని చదివిన పిదప నవ్వుడు. నాగటి కఱ్ఱు అరిగినచో కమ్మరియొద్దకు పోవుదుము. ఎద్దు కుంటినచో పశువైద్యుని పిలుతుము. సొంత మోకాలు కుంటినచో మాత్రము "వాతము" అని ఒక్క మాట యని ఊరకుందుము. ఊరకుండలేనినాడు అప్పుచేసి పట్నమునకు పరుగిడుదుము. ఊరకుండవలసినప్పుడు పరుగిడుటయు, పరుగిడవలసినప్పుడు ఊరకుండుటయు మన రైతుకుటుంబములలో తఱచుగా కానవచ్చుచున్నది. ఈ మాట ఊహించి వ్రాసినది కాదు. ఒకే యింట, ఒకే నెలలో చూచితిని.

గడచిన వేసవిలో మన సభ్యుడొకరు పంటఋణమునకు దరఖాస్తు పెట్టుకొనెను. పేరు చెప్పను, ఆ యూరివారు గ్రహింతురు, తక్కినవారికి అక్కఱలేదు. ఆయనకు వయస్సు 53. నాలుగెకరముల మాగాణియు, రెండెకరముల పత్తిచేనును గలవు. అడిగిన మొత్తము ఆ భూమికి మామూలుగా నిచ్చుదానికి మించి యుండుటచే కార్యదర్శికి సందేహము కలిగి, నీవు వారి యూరికి పోవుచుందువు గదా, విచారింపుమని నాతో ననెను. అడుగగా అడుగగా సంగతి బయటపడెను. ఆయనకు ఏడాదిగా కుడి మోకాలు నొప్పి. పట్నమున ఒక ప్రైవేటు ఆసుపత్రివారు స్కాను తీయించి, లోపలి మెత్త చినిగినది, శస్త్రచికిత్స చేయవలెనని చెప్పిరట. విత్తనములకని తీసిన పైకము మోకాటికి పెట్టదలచెను. ఇది సంఘ నియమములకు విరుద్ధమే. అయినను ఆయనను మందలించుటకు నాకు నోరు రాలేదు. మోకాలు లేని రైతునకు విత్తనమెందులకు?

మాటలలో మాటగా ఆయన కొడుకు ప్రసంగము వచ్చెను. ఆ కుఱ్ఱవాడు అశోక్ నగర్‌లో నుండి పోలీసు కొలువునకు చదువుచుండెను. దుముకుడు అభ్యాసము చేయుచు ఒంటికాలిపై దిగి మెలిపడెను. నాటినుండి మోకాలు నిండుగా చాపలేడు. "పట్టుకొన్నది" అనిరి. ఇంటికి తీసికొనివచ్చి బద్దలు పెట్టి కట్టు కట్టించి, ఉదయసాయంకాలములు నూనె రాచి ఆఱు వారములుగా మంచముమీద నుంచిరి. "వయసులోనివాడు, వాడికేమి, తగ్గిపోవును" అని తండ్రి యనెను. తన మోకాటికై భూమి తాకట్టు పెట్టుటకు సిద్ధపడిన ఆ పెద్దమనిషి కొడుకు మోకాటికి నూనెసీసా చాలుననుకొనెను. జరుగవలసినది దీనికి సరిగా తలక్రిందులు. అది ఎట్లో తెలియుటకు కీలులోపల నేమున్నదో కొంచెము చెప్పవలసియున్నది.

తొడయెముక క్రిందికొన గుండ్రముగా నుండును. దాని క్రిందనున్న కాలియెముక తల ఇంచుమించు చదును. గుండ్రని కుండను చదును నేలపై నిలుపవలెనన్న మన ఆడవారు గడ్డితో చుట్టకుదురు చుట్టి దానిపై నిలుపుదురు గదా! అట్టి కుదుళ్లు ప్రతి మోకాటియందును రెండున్నవి. లోపలి ప్రక్కది నెలవంకవలె వంగియుండును. వెలుపలి ప్రక్కది దాదాపు నిండు వలయము. వైద్యులు దీనిని మెనిస్కస్ అందురు. గ్రీకు భాషలో చిన్న నెలవంక యని దాని అర్థము. మన వాడుకలోని "గుజ్జు అరిగినది" అను మాట వేఱు. గుజ్జని మనము చెప్పునది ఎముకల కొనలకు పూత పూసినట్లుండు నున్నని మృదులాస్థి. కుదురు చినుగుట వేఱు, పూత అరుగుట వేఱు. అయితే కుదురు చెడినచో పూత త్వరగా అరుగును. పూత అరిగిన మోకాట కుదురును నలుగును. అందుచేతనే రెండింటిని ఒకటిగా నెంచి జనులు మోసపోవుచున్నారు.

కాలు చాచి నిలిచినప్పుడు కీలు మోయు బరువులో సుమారు సగమును, లంబకోణముగా మడచినప్పుడు నూటికి సుమారు 85 వంతులును ఈ కుదుళ్ల మీదనే పడునని కొలతలు తీసినవారు చెప్పుదురు. గొంతుకూర్చున్నప్పుడు ఆ బరువు కుదురు వెనుకకొమ్ము మీదికి పోవును. లోపలి ప్రక్క కుదురు కీలుగోడకు గట్టిగా అంటియుండుటచే వెలుపలిదానివలె ప్రక్కకు జరిగి తప్పించుకొనజాలదు. కావున చినుగులలో ఎక్కువభాగము లోపలి కుదురునకే, అందును వెనుకకొమ్మునకే వచ్చును. కలుపు తీయుట, నారు పీకుట, పాలు పితుకుట, అంట్లు తోముట, ఇవన్నియు ఆ వెనుకకొమ్మును నలిపి చేయు పనులే యని వేఱుగ చెప్పనేల?

చినుగుటలో పలు తీరులున్నవి. కుదురులోని గడ్డిపోచలు వలయము చుట్టును పోవునట్లే మెనిస్కస్‌లోని పీచు చాలవఱకు చుట్టును తిరిగియుండును. పోచల వెంబడి నిలువుగా చీలినచో అది నిడుపు చీలిక. ఆ చీలిక పెరిగి లోపలి పట్టె విడివడి కీలు నడుమకు దొర్లినచో బొక్కెన పిడివలె నుండును. బొక్కెనపిడి చీలిక యనియే దానికి పేరు. తలుపు సందున కఱ్ఱముక్క యిఱికినట్లు ఆ పట్టె యడ్డుపడి కాలు చాపనీయదు. మనవారు "పట్టుకొన్నది" అనునది తఱచుగా ఇదియే. పోచలకు అడ్డముగా తెగినది అడ్డుకోత. తెగిన కుదురు కుండను నిలుపలేనట్లే అదియు బరువును నిలుపలేదు. ఏటవాలుగా చీలి ఒక ముక్క చిలుకముక్కువలె వ్రేలాడునది వేఱొకటి. రొట్టెను పొరలుగా విడదీసినట్లు పైపొర, క్రిందిపొర విడిపోవునది అడ్డపొర చీలిక. కుదురు కొమ్ము ఎముకకు నాటుకొన్న చోటనే ఊడిపోవునది వేరుతెగుడు. గుంజనుండి పలుపు ఊడినట్లు. వీనిలో మొదటి రెండును, బొక్కెనపిడియు ఎక్కువగా పడుచువారిలో ఆటపాటలందు, పతనములందు వచ్చును. అడ్డపొర చీలిక నలుబది దాటినవారిలో ఏ దెబ్బయు లేకుండనే క్రమముగా వచ్చును. వేరుతెగుడు నడివయస్సువారిది, దానిని గూర్చి తరువాత చెప్పెదను.

ఇక రక్తపు సంగతి. మన రైతులకు ఇది కాలువనీటి పోలికతో సులభముగా తెలియును. కుదురు వెలుపలి అంచుననే సన్నని రక్తనాళములున్నవి. 1982లో ఆర్నోజ్‌కీ, వారెన్ అను అమెరికా పండితులు పరీక్షించి, లోపలి కుదురులో వెడల్పున వెలుపలి 10 మొదలు 30 వంతుల వఱకే నూటికి రక్తము పాఱునని చూపిరి. తూము దాపునున్న మడికి నీరందును, కొసమడికి అందదు. తూము దాపున చినిగినది కుట్టు వేసిన అతుకును, ఒక్కొక్కప్పుడు తనంత తానే అతుకును. కొసమడిలో చినిగినది అతుకదు. పడుచువాని నిడుపు చీలిక సాధారణముగా ఈ తూము దాపుననే యుండును. కావుననే తొందరపడవలసినది వానికి. ముసలిచీలిక కొసమడిది, అచట కుట్టుటకు ఆశ తక్కువ, కోయుటవలన లాభమును తక్కువ.

కోయుటవలన లాభము తక్కువ యనిన, మఱి ఇన్ని ఆసుపత్రులలో ఏల కోయుచున్నారని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. దీనికి పెద్ద కథ యున్నది. 1883లో ఎడింబరోలో థామస్ ఆనండేల్ అను శస్త్రవైద్యుడు మొదటిమాఱు చినిగిన మెనిస్కస్‌ను కుట్టెను. ఆ రోగి బొగ్గుగని కూలి. మోకాళ్లపై పనిచేయుచు లేచునప్పుడు లోపల నేదో జారెనట. మన సింగరేణి కార్మికుడైనను, కలుపుతీయు కూలియైనను అట్లే లేచును. ఆనండేల్ కుట్టినను, తరువాతివారు చాలకాలము కుట్టుట మాని మెత్తను పూర్తిగా తీసివేయుటకే అలవాటుపడిరి. అది కీలునకు అక్కఱలేని అవశేషమని తలచిరి. 1948లో ఫెయిర్‌బాంక్ అను ఆంగ్ల వైద్యుడు మెత్త తీసివేసిన మోకాళ్ల ఎక్స్‌రేలను వరుసగా పరిశీలించి, తీసిన తరువాత ఎముక చదునగుచున్నదనియు, కీలుసందు సన్నగిలుచున్నదనియు చూపెను. ఆ మాట శస్త్రవైద్యులకు తలకెక్కుటకు మఱి ముప్పది యేండ్లు పట్టెను. ఇప్పుడు పూర్తిగా తీయుట మానిరి. సన్నని గొట్టపు కెమెరాను కీలులోనికి పంపి చినిగినంతమేర మాత్రమే కత్తిరించుచున్నారు. దానినే ఆర్థ్రోస్కోపీ యందురు. చిన్నగాటు, త్వరగా ఇంటికి పోవచ్చును. సులభమైన పనిని మనుష్యులు అవసరమునకు మించి చేయుదురు. ఇది వైద్యులకే చెందిన దోషము కాదు, పురుగుమందు చల్లు మనకును చెందినదే.

స్కానులో చినుగు కనబడుటయే శస్త్రచికిత్సకు చాలిన కారణమా? అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అను పట్టణమున 50 ఏండ్లు మొదలు 90 ఏండ్ల వఱకు గల 991 మందికి, నొప్పి యున్నను లేకున్నను, స్కాను తీసి 2008లో ఫలితములు ప్రకటించిరి. 50 నుండి 59 ఏండ్ల స్త్రీలలో నూటికి 19 మందికిని, 70 దాటిన పురుషులలో నూటికి 56 మందికిని కుదురు చినిగియో చెడియో యుండెను. విశేషమేమనగా, చినుగు కనబడినవారిలో నూటికి 61 మందికి అంతకుముందు నెలలో మోకాటినొప్పియే లేదు. తలవెండ్రుక నెరసినట్లు కుదురును చినుగుచున్నది. నెరసిన వెండ్రుకను చూపి తలనొప్పికి కారణమిదియే యన్న నమ్ముదుమా?

ఫిన్లండు దేశమున 2013లో ప్రకటింపబడిన పరీక్ష యింకను గట్టిది. 35 మొదలు 65 ఏండ్ల నడుమగల 146 మందికి, అరుగుదల చినుగులు గలవారికి, సగము మందికి నిజముగా కత్తిరించిరి. సగము మందికి గొట్టము పెట్టి చూచి, కత్తిరించినట్లు నటించి కుట్లు వేసిరి. ఎవరికేమి చేసిరో రోగులకు తెలియదు. ఏడాది గడచిన పిమ్మట ఇరువురి సుఖమును ఒక్కటే. నార్వేలో 2016 నాటి పరీక్షలో 140 మందిలో సగము మందికి శస్త్రచికిత్సయు, సగము మందికి 12 వారములు వారమునకు రెండు మూడు మాఱులు వ్యాయామమును ఇచ్చిరి. రెండేండ్లకు నొప్పి తగ్గుదల సమానమే. తొడబలము వ్యాయామము చేసినవారికే తొలినెలలలో ఎక్కువ. వ్యాయామపువారిలో సుమారు అయిదుగురికొకరు తరువాత శస్త్రచికిత్సకు పోయిరనియు చెప్పుట ధర్మము. అందఱికి వ్యాయామమే చాలునని నేననను. మొదట అదియని మాత్రమే యందును.

ఈ చినుగులకు దోహదము చేయునవేవి? నెదర్లాండ్సు వైద్యులు కొందఱు అంతవఱకు జరిగిన పరిశోధనలను కూర్చి 2013లో వ్రాసినదానిలో అరుగుదల చినుగునకు 60 దాటిన వయస్సు, పురుషుడగుట, పనిలో మోకాళ్లూనుట, గొంతుకూర్చుండుట, దినమునకు 30 వరుసలకు మించి మెట్లెక్కుట కారణములుగా తేలెను. హఠాత్తు చినుగునకు ఫుట్‌బాలును, రగ్బీయును. మోకాటి నడుమనుండు స్నాయువు తెగి ఏడాదికి మించి ఊరకున్నచో లోపలి కుదురును చినుగు ప్రమాదము పెరుగుననియు చూపిరి. మన పండుగ కబడ్డీలను చూచిన నాకు రగ్బీ మాట వినగానే కబడ్డీయే తోచెను. కాలు పట్టుకొని పదిమంది లాగుచుండగా ఒడలు మెలిపెట్టి గీత నందుకొనుటకు దుముకుదుము. పాదము స్థిరము, మోకాలు మడత, ఒడలు మెలి. ఈ మూడును కలిసినచోట కుదురు చినుగును. దమ్ముచేసిన మడిలో బురద మన పాదమును పట్టుకొని వదలదు. నెత్తిన నారుకట్టల తట్టతో ప్రక్కకు తిరిగినప్పుడు అచ్చముగా అదే మూడు. గట్టుమీద బస్తాతో తిరుగునప్పుడును అంతే. కావున మడిలో పాదము నెత్తి తిరుగుడు; నడుము తిప్పి పాదము నట్లే యుంచకుడు. ఈ మాట నేను ప్రదర్శనక్షేత్రమున కూలీలకు చెప్పగా మొదట వింతగా చూచిరి. ఇప్పుడు కొందఱు చేయుచున్నారు.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పేటలను గూర్చి రైతుల పత్రికలో వ్రాయుట అప్రస్తుతము కాదు. ఈ పేటలు మన పిల్లలతో నిండియున్నవి. ఆ కుఱ్ఱవానిని పరీక్షకు తీసికొనిపోయినప్పుడు అతని గదిని చూచితిని. నాలుగవ అంతస్తు; లిఫ్టు లేదు; అయిదుగురు పడుచువాండ్రు, అయిదు ట్రంకుపెట్టెలు, నేలపై చాపలు. తెల్లవాఱుజామున పరుగునకు ఇందిరా పార్కు వైపునకును, ఎన్టీఆర్ స్టేడియమునకును పోవుదురు. పగలంతయు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలోనో, శిక్షణ తరగతులలోనో కూర్చుందురు. రాత్రి మరల మెట్లెక్కుదురు. 2022 నాటి పోలీసు ప్రకటనలో పురుషులకు 1600 మీటర్ల పరుగు, స్త్రీలకు 800 మీటర్లు, దానితో లాంగ్ జంపు, షాట్‌పుట్ యుండెను. కూర్చుండుట కుదురును చింపదు, ఆ మాట ఒప్పుకొందును. అయితే వ్రాతపరీక్ష ముగియువఱకు కుర్చీలో నుండి, దేహదారుఢ్యపరీక్షకు నెలదినములున్నవనగా ఒక్కసారిగా దుముకనారంభించు కాలికి తొడకండలు సిద్ధముగా నుండవు. దుక్కి లేని నేలలో విత్తు చల్లినట్లే. తలిదండ్రులు పంపు పైకము శిక్షణరుసుమునకే కాక, మూడు నెలలు ముందుగా మెల్లగా తొడబలము పెంచుకొనుటకు తగిన తిండికిని చాలునట్లు చూడవలెను.

కొడుకు విషయమై తండ్రికి నేను చెప్పిన గుఱుతులు ఇవి. మెలిపడిన కొద్దిగంటలలోనే మోకాలు బుడగవలె ఉబ్బినచో లోపల రక్తము చేరియుండవచ్చును, స్నాయువు తెగియుండవచ్చును. మఱునాటికి మెల్లగా ఉబ్బినచో కుదురు చినుగుట కావచ్చును. కాలు నిండుగా చాపలేనిచో, అనగా పట్టుకొన్నచో, నూనెయు వలదు, బలిమిని చాపుటయు వలదు; రోజులలో ఎముకల వైద్యునికి చూపవలెను. పట్టుకొన్న పట్టె కొన్ని వారములు కీలులో నలిగినచో కుట్టుటకు పనికిరాకుండ చెడును. ఈ కుఱ్ఱవాని గతి అట్లే యైనది. స్కానులో బొక్కెనపిడి చీలిక కనబడెను. సర్కారు ఆసుపత్రిలో లోపల చూచిన వైద్యుడు, వెంటనే వచ్చియున్నచో కుట్టియుందునని చెప్పి, నలిగిన భాగమును తీసివేసెను. ఆ యేటి పరీక్ష పోయినది. దానికంటె పెద్ద నష్టము, 23 ఏండ్లకే కుదురులో కొంతభాగము లేకుండుట. నూనె రాచినవారిని నేను తప్పుపట్టను. వారు తమకు తెలిసినది చేసిరి. మాకు తెలిసియుండి చెప్పకుండుటయే తప్పు, అందుకే ఈ వ్యాసము.

దారి తెలియకనే ఆలసించుచున్నామనువారికి ఒక మాట. 2020 ఫిబ్రవరి 7వ తేదీన తెఱచిన మెట్రో రైలు దారి మహాత్మాగాంధీ బస్ స్టేషనునుండి సుల్తాన్ బజారు, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్డు, ముషీరాబాదు మీదుగా గాంధీ ఆసుపత్రికి పోవుచున్నది. బస్సు దిగినచోటనే ఎక్కి పెద్ద సర్కారు ఆసుపత్రి వాకిట దిగవచ్చును. మోకాలు నొచ్చినవానికి లిఫ్టు గలదు. పిల్లవాడు అశోక్ నగర్‌లో నున్నచో ఆ దారి వాని గది ప్రక్కనుండియే పోవుచున్నది. ఊరికి పిలిపించి కట్టు కట్టించుటకంటె అదియే దగ్గఱ. ఎక్కడ చూపించుకొన్నను, ఆరోగ్యశ్రీ బల్లయొద్దనుండు ఆరోగ్యమిత్రను అడిగి ఏ చికిత్స పథకములో నున్నదో తెలిసికొన్న పిదపనే రొక్కము కట్టవలెను.

తండ్రి సంగతి. ఆయన మోకాలు పట్టుకొనుట లేదు, కూలబడుట లేదు. దెబ్బ తగిలిన జ్ఞాపకము లేదు. మెట్లు దిగునప్పుడును, గొంతుకూర్చుండి లేచునప్పుడును నొప్పి. స్కాను కాగితము మీద అడ్డపొర చీలిక యని వ్రాసియుండెను. రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొమ్మని బతిమాలితిని. ఆయన సర్కారు వైద్యునికి చూపగా, మూడు నెలలు తొడవ్యాయామము చేసి రమ్మనెను. కుర్చీలో కూర్చుండి కాలు చాచి పది లెక్కించువఱకు నిలుపుట. వెల్లకిల పండుకొని కాలు వంచక జానెడెత్తు లేపుట. చేతులూనక కుర్చీనుండి లేచి కూర్చుండుట. బరువు కొంత తగ్గుమనెను. పొలమున గొంతుకూర్చుండు పనిని పీట మీద కూర్చుండి చేయుమనెను. ప్రతి ఉదయమును కాలు లేపుచు నన్ను తిట్టుకొనునని ఆయన భార్య చెప్పినది. తిట్టుచునే నాలుగవ నెలకు గట్టు దిగుచున్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు, కాని తాకట్టు తప్పినది.

ఆ యిల్లాలిని గూర్చియు చెప్పవలెను. ఆమె మోకాటిని గూర్చి నేనడుగువఱకు ఎవరును అడుగలేదు. నేలపై కూర్చుండి లేచునప్పుడు మోకాటి వెనుక "టప్" అని చప్పుడై, నాటినుండి నడువలేని నొప్పి వచ్చినచో అది పైని చెప్పిన వేరుతెగుడు కావచ్చును. నేలకూర్పుండ్లు అలవాటుగాగల ఆసియా దేశములలో నడివయస్సు స్త్రీలకు ఇది ఎక్కువగా కనబడుచున్నది. వేరు ఊడిన కుదురు బరువు మోయుటలో పూర్తిగా తీసివేసిన కుదురుతో సమానమని పరీక్షలలో తేలెను. అరుగుదల చినుగులన్నిటికి ఓపిక పట్టుడని నేను వ్రాసినది దీనికి వర్తింపదు. దీనిని త్వరగా చూపవలెను, కొందఱికి వేరును మరల నాటి కుట్టుదురు. మగవాని మోకాటికి సంఘమున దరఖాస్తు పడును. ఆడుదాని మోకాటికి పడదు. కలుపు తీయువారిలో ఎక్కువమంది ఆడువారే.

ఇంతవఱకు చెప్పినది చినిగిన తరువాతి మాట. చినుగకుండ చేయుటకు నా వృత్తికి సంబంధించిన ఉపాయమొకటి గలదు. డ్రమ్ సీడరుతో మొలకవిత్తులను సాలులుగా వేసినచో నారుమడి లేదు, నారు పీకుట లేదు, నాటుట లేదు. ఎకరమునకు 10 మొదలు 15 కిలోల విత్తనము చాలును. లాగువాడు బురదలో నడువవలసినదే గాని తట్టతో మెలితిరుగ నక్కఱలేదు. కలుపు ఎక్కువగా వచ్చునను ఫిర్యాదు నిజమే. సాలుల నడుమ నిలుచుండి కోనో వీడరు నడపినచో చాలవఱకు అణగును. మెట్టపైరులకు పొడుగు పిడి గల కలుపుగొఱ్ఱు ఉన్నది. దీని ఖరీదు ఒక్క రైతునకు భారము గావచ్చును, సంఘమునకు గాదు. మన గోదాములో ఎరువుబస్తాల ప్రక్క ఖాళీస్థలము చాలగలదు. రెండు డ్రమ్ సీడర్లు, ఆఱు కోనో వీడర్లు, పండ్రెండు పొడుగుపిడి గొఱ్ఱులు కొని దినపు బాడుగకు ఇచ్చునట్లు తీర్మానమును వ్రాసి కార్యదర్శికి ఇచ్చితిని. కలుపుకూలీలకు గొఱ్ఱులు బాడుగ లేకుండ ఇవ్వవలెనని అందులో చేర్చితిని. దీనికి పాలకవర్గములో ఇద్దఱు ఒప్పుకొనలేదు. పనిముట్లు విఱిగినచో ఎవరిచ్చుకొందురని వారి ప్రశ్న. వచ్చు సర్వసభ్య సమావేశపు విషయసూచికలో ఇది నాలుగవ అంశము. సభ్యులు వచ్చి ఆ ఇద్దఱి ప్రశ్నకు జవాబు చెప్పవలెనని కోరుచున్నాను.